బోరు మోటారు ప్రకటన ఎవరు పంపారు?

మొన్నటి ఎండాకాలం హాలియా దగ్గర మా చిన్నాయన బత్తాయి తోటలో బోరు మోటారు కాలిపోయింది. చెట్లు పిందె మీద ఉన్నాయి. నాలుగు రోజులు నీళ్ళు తప్పితే పిందె రాలుతుంది. ఆయన పొద్దున్నే నల్లగొండ వచ్చి, రెండు దుకాణాలు తిరిగి, మూడో దాంట్లో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు బేరమాడి, ట్రాలీ ఆటోలో వేసుకొని మధ్యాహ్నానికి తోటకు చేరాడు. ఆ రాత్రి నుంచి ఆయన ఫోన్లో ఏది తెరిచినా మోటార్లే. యూట్యూబ్‌లో ఒగ్గుకథ పెట్టుకుంటే ముందు మోటారు, మధ్యలో స్టార్టర్ డబ్బా. ఫేస్‌బుక్ తెరిస్తే డ్రిప్ పైపులు, కేబుల్ వైరు, మళ్ళీ మోటారు. వారం ఓపిక పట్టి నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గీ ఫోను మనం మాట్లాడేదంతా ఇంటున్నది. మోటారు సంగతి నేను ఎవ్వలికీ జెప్పలే. తోట కాడ పెద్దోనితోని మాట్లాడిన, గంతే. దీనికెట్ల తెలిసింది?"

ఈ అనుమానం ఆయనొక్కడిదే కాదు. చాయ్ హోటల్లో ఈ ముచ్చట తీస్తే నలుగురిలో ఇద్దరు ఫోన్ వింటుందని ఒట్టేసి చెబుతారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో సరిగ్గా ఈ అనుమానాన్నే పట్టుకొని 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. మనిషికి తెలియకుండా మైకు తెరిచి మాటలు బయటికి పంపిన యాప్ వాళ్ళకు ఒక్కటీ దొరకలేదు. దొరికింది వేరే. తెర మీద జరుగుతున్నదాన్ని బొమ్మలుగా, వీడియోగా పట్టి మరో కంపెనీకి పంపే యాప్‌లు దొరికాయి. పైగా 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు ఎవరు వాడినా తెర పై మూలన పచ్చచుక్క వెలుగుతుంది. ప్రైవసీ డాష్‌బోర్డులో గత 24 గంటల లెక్క కూడా ఉంటుంది. ఆ ఆదివారం తోటకు వెళ్ళి చిన్నాయన ఫోన్లో అది తెరిచి చూశాను. ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టిన వేళలు తప్ప ఇంకేమీ లేవు.

ఫోన్ వింటోందని నమ్మడంలో ఒక సుఖం ఉందనుకుంటాను. దొంగ గోడ దూకి వచ్చాడనుకుంటే, తలుపు తీసింది ఎవరని ఇంట్లో అడగనక్కర్లేదు.

మేం అడిగాం. మొదటి జవాబు పది నిమిషాల్లోనే దొరికింది. మోటారు కాలిన రోజు రాత్రి పెద్దోడి ఫోన్లో డేటా అయిపోయింది. వాడు తండ్రి ఫోన్ తీసుకొని యూట్యూబ్‌లో మోటారు రేట్లు, వైండింగ్ వీడియోలు ఆరేడు చూశాడు. అన్నీ హిస్టరీలో ఉన్నాయి. గూగుల్ దృష్టిలో ఆ వీడియోలు చూసింది చిన్నాయనే. "మరి ఫేస్‌బుక్‌ల ఎందుకొచ్చినయ్? వాడు అండ్ల ఏం జూడలే గదా" అన్నాడాయన. మంచి ప్రశ్న. ఫేస్‌బుక్‌లో ఏ ప్రకటనకైనా పై మూలన మూడు చుక్కలుంటాయి. అవి నొక్కితే ఈ ప్రకటన మీకు ఎందుకు వచ్చిందో చెప్పే వరుస ఒకటుంది. నొక్కాం. ప్రకటన ఇచ్చినవారు తమ దగ్గరున్న ఒక జాబితా వాడి మిమ్మల్ని చేరుకున్నారని రాసి ఉంది.

"జాబితానా? ఎవల జాబితా?"

గోడకు తగిలించిన అంగీ జేబులో మోటారు బిల్లు ఇంకా మడత విప్పకుండానే ఉంది. తీసి చూస్తే పేరు కింద పది అంకెలు.

దుకాణం వాళ్ళు ఏడాది పొడుగునా బిల్లుల్లోకి ఎక్కించిన నంబర్లన్నీ కలిస్తే ఒక ఎక్సెల్ ఫైలు అవుతుంది. ఆ ఫైలును ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో పెట్టి "వీళ్ళకు నా ప్రకటన చూపించు" అనొచ్చు. కావాలంటే "వీళ్ళ తీరు ఉన్నవాళ్ళను వెతికి వాళ్ళకూ చూపించు" అని కూడా అనొచ్చు. కొన్నవాడికే మళ్ళీ మోటారు ఎందుకు చూపిస్తారని చిన్నాయన అడిగాడు. జాబితా పెట్టినవాడికి కొన్నవాళ్ళను, కొనబోయేవాళ్ళను విడదీసే తీరిక లేకపోయి ఉంటుంది. ఈ ప్రకటనల యంత్రం మహా తెలివైనదని భయపడతాం గానీ, అది చాలాసార్లు మొద్దు. మొద్దుదే అయినా మరచిపోదు, అదే చిక్కు.

నంబరును ఉన్నదున్నట్టు ఇవ్వం, గుర్తుపట్టరాని అక్షరాలుగా మార్చే ఇస్తాం అని కంపెనీలు అంటాయి. అబద్ధం కాదు. దాన్ని హ్యాషింగ్ అంటారు. పిండి గిర్నీ అనుకోండి. పది అంకెల నంబరును అందులో వేస్తే 64 అక్షరాల పిండి బయటికొస్తుంది. పిండిని మళ్ళీ గింజ చేయలేం. కానీ అదే గింజను ఎవరు వేసినా, ఎప్పుడు వేసినా అదే పిండి వస్తుంది. కాబట్టి ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లను కూడా అదే గిర్నీలో ఆడించి, పిండికి పిండి సరిచూసుకొని మనిషిని పట్టుకుంటుంది. ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసి చూడండి. మన మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఏదో ఒకదానితో మొదలవుతుంది, వెనక తొమ్మిది అంకెలు. ఎట్లా తిప్పినా మొత్తం 400 కోట్ల నంబర్లకు మించవు. మనకు అది కొండంత. మామూలు కంప్యూటరుకు గంట పని. 400 కోట్ల గింజలూ ఆడించి, ఏ పిండి ఏ గింజదో పట్టిక రాసిపెట్టుకోవచ్చు. "గుర్తుపట్టలేని విధంగా మార్చాం" అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

నంబరు అడగడం మన పట్టణాల్లో ఎంత మామూలైపోయిందంటే, అడగకపోతే బిల్లే ఇవ్వలేదేమో అనిపిస్తుంది. దసరాకు నల్లగొండలో ఒక బట్టల షోరూములో కౌంటరు మీది అమ్మాయి "నంబర్ చెప్పండి" అంది. ఇవ్వనన్నాను. "సిస్టం తీసుకోదండి, నంబర్ కొడితేనే బిల్లు వస్తది" అని ఒక్క క్షణం నా మొహం చూసి, తనే టకటకా తొమ్మిదిని పదిసార్లు కొట్టేసింది. సిస్టం నోరు మూసుకొని తీసుకుంది. "రోజూ శానామందికి ఇదే కొడతం" అని నవ్వింది. ఆ తొమ్మిదుల మనిషి ఎవరో గానీ, ఈ పాటికి జిల్లాలోనే పెద్ద కొనుగోలుదారు అయి ఉంటాడు, రివార్డు పాయింట్లు లక్షల్లో ఉంటాయి. అసలు సంగతేంటంటే, నంబరు ఇస్తేనే బిల్లు చేస్తామనడం వినియోగదారుల రక్షణ చట్టం కింద అన్యాయమైన వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారుల సంఘాలకు చెప్పింది. కౌంటరు దాకా ఆ మాట రాలేదు.

చెప్పుల స్టాండు బిళ్ళ

బిల్లు నంబరు ఒక దారం. పెద్దోడి వీడియోలు ఇంకో దారం. మూడోది, అందరూ పేరు విన్నా ఎక్కువమందికి తెలియనిది, కుకీ. వెబ్‌సైటు తెరవగానే "కుకీలు ఒప్పుకుంటారా" అని అడ్డం నిలబడేది.

చెర్వుగట్టు కింద చెప్పుల స్టాండులో చెప్పులిస్తే ఒక బిళ్ళ చేతిలో పెడతారు. దాని మీద 214 అని ఉంటుంది. స్టాండు మనిషికి మీ పేరు తెలియదు, మీ ఊరు తెలియదు. 214 వస్తే 214 అరలోని చెప్పులివ్వాలి, అంతే. నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ అనే ఇంజినీరు 1994లో వెబ్‌సైట్ల కోసం తయారుచేసింది ఇట్లాంటి బిళ్ళనే. అంతకుముందు వెబ్‌సైటుకు ఘోరమైన మతిమరుపు. ఒక పేజీలో బుట్టలో వేసిన వస్తువును పక్క పేజీకి పోయేసరికి మరచిపోయేది. బిళ్ళ వచ్చాక ఆ బాధ తప్పింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు చెర్వుగట్టు, యాదగిరిగుట్ట, వాడపల్లి, మన్యంకొండ, కురుమూర్తి అన్నిచోట్లా చెప్పుల స్టాండు గుత్త ఒక్కడికే దక్కిందనుకోండి. వాడు చోటుకో కొత్త బిళ్ళ ఇవ్వడు. మొదటిసారి ఇచ్చిన 214నే ప్రతి గుడి దగ్గరా చూసి, తన పుస్తకంలో రాసుకుంటాడు. మీ పేరు వాడికి ఇప్పటికీ తెలియదు. కానీ 214 ప్రతి అమావాస్యకు చెర్వుగట్టు వస్తుందని తెలుసు. మూడు నెలల నుంచి సంతానం కోసం మొక్కుకునే గుళ్ళన్నీ వరసపెట్టి తిరుగుతోందని తెలుసు. పోయిన వారం నుంచి జత చెప్పులు ఒక్కటే వస్తున్నాయని, పక్కన ఉండే మగవాళ్ళ చెప్పులు రావడం లేదని కూడా తెలుసు. పేరు తెలియకుండానే ఇంట్లో బాధ తెలిసిపోయింది. దీన్నే మూడో పక్షం కుకీ అంటారు. మీరు తెరిచిన వార్తల సైటు వేరు, వంటల సైటు వేరు, జబ్బుల గురించి చదివిన సైటు వేరు. మూడింటిలోనూ మూలన కూర్చున్న ప్రకటనల కంపెనీ మాత్రం ఒక్కటే.

ఆపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో 2020 మార్చిలో ఈ గుత్తదారు బిళ్ళలను పూర్తిగా ఆపేసింది. గూగుల్ కూడా అదే ఏడాది జనవరిలో, రెండేళ్ళలో క్రోమ్ నుంచి తీసేస్తామని ప్రకటించింది. తర్వాత వాయిదా, మళ్ళీ వాయిదా. 2024లో తీసేసే ఆలోచన మానుకుంది. 2025 ఏప్రిల్‌లో, వాటి గురించి వాడేవాళ్ళను విడిగా అడిగే పద్ధతి కూడా తేవడం లేదని చెప్పేసింది. ఆ కంపెనీ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనలదే అన్నది గుర్తుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

అయినా మనవాళ్ళలో బ్రౌజర్ తెరిచేవాళ్ళు ఎంతమంది? అంతా యాప్‌లే. యాప్‌లకు కుకీ బదులు అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒకటుంటుంది. అక్షరాలు, అంకెలు కలిసిన ఆ పొడుగాటి గుర్తు ఫోన్‌కు పుట్టుమచ్చ లాంటిది. ఫోన్లోని క్రికెట్ స్కోర్ల యాప్, పంచాంగం యాప్, ఆటల యాప్ ఒకదానికొకటి తెలియకపోయినా, వాటిలో కూర్చున్న ప్రకటనల కోడు ఈ మచ్చను చూసి ఇది ఫలానా ఫోన్ అని కలుపుకుంటుంది. 2013లో అమెరికా ప్రభుత్వం ఒక టార్చిలైటు యాప్‌ను పట్టుకుంది. చీకట్లో వెలుగు ఇవ్వడమే దాని పని. అది ఫోన్ ఎక్కడుందో, ఈ గుర్తు ఏమిటో రెండూ కలిపి ప్రకటనల కంపెనీలకు పంపేది. టార్చికి మనం ఎక్కడున్నామో ఎందుకు? ఈ ప్రశ్న ఇప్పటికీ పనికొస్తుంది. పంచాంగం యాప్ మీ కాంటాక్టులు అడిగితే ఇదే అడగండి.

ఆపిల్ 2021 ఏప్రిల్‌లో ఒక నిబంధన పెట్టింది. వేరే యాప్‌లలో మనిషి ఏం చేస్తున్నాడో వెంబడించాలంటే ముందు అడగాలి. అంతే, ఆపమనలేదు, అడగమంది. ఆ ఒక్క అడగడం వల్ల 2022లో తనకు సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా స్వయంగా లెక్కచెప్పింది. అడిగితే జనం వద్దంటారని వాళ్ళకు తెలుసన్నమాట.

బాదేపల్లి మార్కెట్లో పిడికెడు పల్లికాయ

ఇన్ని దారాలు పోగుచేసి ఏం చేస్తారు? వేలం వేస్తారు.

జడ్చర్ల బాదేపల్లి యార్డుకు పల్లికాయ తెచ్చిన రైతుకు ఇది వేగంగా అర్థమవుతుంది. కుప్ప పోస్తారు. వ్యాపారులు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరు పిడికెడు తీసి, ఒలిచి, నోట్లో వేసుకొని, గింజ ఎట్లుందో చూసి పాట పాడతారు. మీరు ఫోన్లో ఒక వార్త తెరిచినప్పుడు, ఆ పేజీలో ప్రకటన ఖాళీ కోసం జరిగేది అదే. కుప్ప స్థానంలో మీరు. ఏ ఫోన్, ఏ ఊరి దరిదాపుల్లో ఉంది, ఏ భాష, ఏ యాప్, అడ్వర్టైజింగ్ ఐడీ ఎంత, ఏం ఇష్టమని ఊహ, ఇవన్నీ ఒక చీటీలా వేలం కంపెనీలకు వెళతాయి. చాలామంది పాట పాడతారు. ఎక్కువ పాడినవాడి ప్రకటన తెర మీదికొస్తుంది. మొత్తం తతంగం సెకనులో పదోవంతు. మీరు ఆవలించే లోపు పదిసార్లు అమ్ముడుపోతారు.

యార్డులో రైతు ఎప్పుడూ సణిగే మాట ఒకటుంది. పాట దక్కేది ఒక్కడికే, పిడికిళ్ళు మాత్రం అందరివీ. ఇక్కడా అంతే. ప్రకటన వేసేది ఒక్క కంపెనీ. కానీ మీ చీటీ పాట పాడిన ప్రతివాడి చేతికీ అందింది. ఓడినవాడు ఆ చీటీ చించేయాలని ఒప్పందాల్లో రాసుంటుంది. చించాడా లేదా అని చూసే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. ఇట్లా జేబులోకి పోయిన పిడికిళ్ళను కూడబెట్టి, ఏ ఫోన్ ఏ ఆస్పత్రికి, ఏ ప్రార్థనా స్థలానికి పోయిందో అమ్ముకునే కంపెనీలు పుట్టాయి. 2024 డిసెంబరులో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మొబైల్‌వాలా అనే అలాంటి కంపెనీ సున్నితమైన చోట్ల సమాచారం అమ్మకుండా కట్టడికి దిగింది.

ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు, కొట్టిపారేయదగ్గది కాదు. మా ఊరి కిరాణం సేటుకు కూడా అన్నీ తెలుసు కదా అని. నిజమే. సేటు ఉద్దెర పుస్తకంలో ఎవరింట్లో చక్కెర రెండు కిలోలు ఎక్కువ పోయిందో, ఎవరింట్లో ఆముదం కొన్నారో, ఎవరు బీడీలు మానేశారో అన్నీ ఉండేవి. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు సేటును అడిగి పోయేవాళ్ళంటే అబద్ధం కాదు. కానీ ఆ పుస్తకం మనం చూస్తుండగా రాసేవాడు. తప్పు రాస్తే "గీ పది రూపాలు యాడివి సేటూ" అని నిలదీసేవాళ్ళం. పుస్తకం గల్లాపెట్టె దాటి పోయేది కాదు. అన్నింటికన్నా ముఖ్యంగా, సేటు గురించి ఊరికీ తెలుసు. రెండు వైపులా తెలిసినచోట మర్యాద ఒకటి పుడుతుంది. ఇప్పుడు పుస్తకం రాసేవాడు కనబడడు.

ప్రకటనే కదా, వస్తే వచ్చింది, చూడకపోతే పోయె అంటారా? మోటారు ప్రకటనల వరకైతే నేనూ అదే అంటాను. నా భయం జాబితా చేతులు మారినప్పటి గురించి. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒక కేసులో 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల సమాచారం అమ్మకానికి పెట్టిన వ్యవహారాన్ని బయటపెట్టారు. దేశ జనాభాలో సగానికి దగ్గరి అంకె. మీకు లోన్ కావాలా అని ఫోన్ చేసేవాడికి మీ పేరు ముందే ఎట్లా తెలుసంటే, ఇట్లాంటి జాబితాల వల్ల. బ్యాంకు నుంచి అంటూ ఓటీపీ అడిగేవాడికి మీ ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలిసి ఉండటం వల్లే కదా మనవాళ్ళు నమ్మేది.

ఇంకా దారుణం లోన్ యాప్‌లు. 2020 డిసెంబరులో తెలంగాణలో వీటి వేధింపులకు ప్రాణాలు పోయాయి. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఐదారు వేల అప్పు. తాకట్టు ఏం పెట్టారు? బంగారం కాదు, పట్టా పాసుబుక్కు కాదు, ఫోన్లోని కాంటాక్టులు. యాప్ దింపుకున్నప్పుడు "కాంటాక్టులు చూడనివ్వండి" అంటే సరే అన్నారు. వాయిదా తప్పగానే మేనత్తకు, బడి పంతులుకు, వియ్యంకుడికి మెసేజ్‌లు పోయాయి. పరువే తాకట్టు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ళు ముట్టుకోకూడదని ఆదేశించింది. రిజర్వు బ్యాంకు పరిధిలో ఉన్న సంస్థలకు అది వర్తిస్తుంది. ఎవరి పరిధిలోనూ లేని దొంగ యాప్‌కు వర్తించేది సైబర్ నేరాల సాయం కోసం పెట్టిన 1930 నంబరుకు మీరు చేసే ఫిర్యాదే.

"అలో" నొక్కింది ఎవరు?

చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసు అది. ఆ మాట చట్టమవడానికి ఆరేళ్ళు పట్టింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద పెట్టిన ప్రధాన బాధ్యతలకు మరో 18 నెలల గడువు, అంటే 2027 మే. బోరు వేశాక మోటారు దింపడానికి ఇన్నేళ్ళు పడితే తోట ఎండేది.

చట్టంలో మంచి లేదనను. దేనికోసం తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి. ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. పని అయిపోయాక సమాచారం చెరిపేయాలి. కాపాడటంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకామె మందుల షాపులో మందులు కొని, రసీదు మెసేజ్ పంపమని తన నంబరు ఇచ్చింది. షాపు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. మా చిన్నాయన మోటారు దుకాణానికి సరిగ్గా ఇదే సరిపోతుంది. రసీదు పంపొచ్చు. ఫేస్‌బుక్‌కు ఎక్కించడానికి విడిగా అడగాలి. ఇంకోవైపు, కేంద్రం తలుచుకుంటే ప్రభుత్వ సంస్థలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. అది పెద్ద కిటికీ, దాని మీద వేరే వ్యాసమే రాయాలి.

నోటీసు తెలుగులోనూ అడిగి చదువుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా. సంతోషమే. కానీ ఆ తెలుగు ఎట్లా ఉండబోతుందో ఊహించగలను. "దత్తాంశ న్యాసధారి" లాంటి మాట ఒకటి తగిలితే మా చిన్నాయన చదవడం ఆపేస్తాడు, నేనూ ఆపేస్తాను.

నిజానికి నన్ను తొలిచే ప్రశ్న భాషది కాదు. చిన్నాయన తన ఫోన్లో ఇంతవరకు ఏ ఒప్పుకోలూ ఇవ్వలేదు. ఫోన్ కొన్నప్పుడు హాలియాలో మొబైల్ షాపు పిల్లవాడు సెట్ చేసిచ్చాడు. జీమెయిల్ ఖాతా వాడే తెరిచాడు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇంకో నాలుగు యాప్‌లు వేసి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ, అనుమతిస్తున్నాం అని అర్థమొచ్చే "అలో, అలో, అలో" అని బొటనవేలితో కొట్టుకుంటూ పోయాడు. ఐదు నిమిషాల్లో ఒక మనిషి జీవితకాలపు సమ్మతులన్నీ అయిపోయాయి. చట్టం దృష్టిలో సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, నిర్దిష్టంగా ఇచ్చింది కావాలి. మన పల్లెల్లో సమ్మతి ఇచ్చేది మొబైల్ షాపు పిల్లవాడు, లేదా కొడుకు, లేదా మీసేవ కేంద్రంలో వరుస వెనక నుంచి తొందరపెట్టే జనం.

ఇంకో చిక్కు. ఈ చట్టం ఒక మనిషి, ఒక ఫోన్ అనుకొని రాసింది. పిల్లల విషయంలో అది గట్టిగానే ఉంది. 18 ఏళ్ళ లోపు వాళ్ళను వెంబడించకూడదు, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు, వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మరి పాలమూరులో పనికి వలస పోయిన ఇంట్లో ఏం జరుగుతుంది? తల్లిదండ్రులు ముంబైలోనో బెంగళూరులోనో కడుతున్న బిల్డింగు దగ్గర. ఊళ్ళో నానమ్మ దగ్గర ఇద్దరు పిల్లలు, ఒక్క ఫోన్. సిమ్ తండ్రి పేరు మీద, ఖాతాలో వయసు 38. పాఠాలు దాంట్లోనే, రీల్స్ దాంట్లోనే, అమ్మతో వీడియో కాల్ దాంట్లోనే. పదకొండేళ్ళ పిల్ల అర్ధరాత్రి దాకా చూసినదంతా కంపెనీ పుస్తకంలో 38 ఏళ్ళ మేస్త్రీ అలవాట్లుగా పడుతుంది. ఆ పిల్లకు చట్టం ఇచ్చిన గొడుగు పనిచేయదు, ఎందుకంటే ఆ పిల్ల అక్కడ ఉన్నట్టే లెక్కలో లేదు. ఆ మేస్త్రీకి మాత్రం ఆన్‌లైన్ ఆటల ప్రకటనలు ఎందుకొస్తున్నాయో ఎప్పటికీ అర్థం కాదు.

ఆ ఆదివారం చిన్నాయన ఫోన్లో మేం చేసినవి చిన్న పనులే. సెట్టింగ్స్‌లో గూగుల్, దాంట్లో యాడ్స్ తెరిచి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేశాం. ఏ యాప్‌కు కాంటాక్టులు, లొకేషన్ ఇచ్చారో చూసి, వాట్సాప్‌కూ మ్యాప్స్‌కూ తప్ప మిగతావి తీసేశాం. ఒక వాల్‌పేపర్ల యాప్‌కు రెండూ ఉన్నాయి, దాన్ని యాప్‌తో సహా తీసేశాం. మెసేజ్‌లు చూసుకునే కిటుకు ఒకటి చెప్పాను. పంపినవాడి పేరు చివర గీత పక్కన ఇంగ్లీషు పీ ఉంటే అది ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. 2025 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇది తప్పనిసరి చేసింది. పీ మెసేజ్‌లు వద్దనుకుంటే 1909కి చెప్పొచ్చు. పెద్దోడు "ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే అయిపోతది గదా" అన్నాడు. కాదు. ఇంట్లోవాళ్ళకు హిస్టరీ కనబడకుండా దాచుకోవడానికి అది పనికొస్తుంది, వాడి ఉద్దేశం కూడా అదే అయి ఉంటుంది. అవతలి వెబ్‌సైట్లకు మాత్రం మనం కనబడుతూనే ఉంటాం.

ఇవి చేస్తే వెంబడించడం ఆగిపోతుందా అంటే, తగ్గుతుంది. కానీ బిల్లు మీది పది అంకెలు ఏ సెట్టింగ్‌లోనూ లేవు. అవి దుకాణంలో ఉన్నాయి.

పోయిన నెల స్టార్టర్‌లో కెపాసిటర్ పోతే ఇద్దరం కలిసి ఆ దుకాణానికే వెళ్ళాం. సేటు మంచివాడే, కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. చిన్నాయన నంబరు లిస్టులోంచి తీసేయమని అడిగాను.

"నాకేం అభ్యంతరం లేదు సార్. కానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ హైదరాబాదోళ్ళు పెట్టిన్రు, ఫేస్‌బుక్‌ది కూడా వాళ్ళే చూస్తరు. లిస్టు వాళ్ళ కాడ ఎన్ని చోట్ల ఉందో నాకు తెల్వది. ఇంకోటి, మోటారు వారంటీ నంబరు మీదనే ఎక్కింది. నంబరు తీస్తే వారంటీ కనబడదు."

చిన్నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వారంటీ ఎన్నొద్దుల దాంక ఉన్నది?"

"వచ్చే ఏప్రిల్ దాంక."

"అయితే అప్పటిదాంక ఉండనియ్. ఏప్రిల్‌ల నేనే వచ్చి తీపిచ్చుకుంట."

సేటు నవ్వి, కెపాసిటర్ డబ్బా కౌంటరు మీద పెట్టి, కంప్యూటర్ వైపు తిరిగాడు. "నంబర్ చెప్పు పెద్దాయనా." చిన్నాయన అలవాటుగా మొదలుపెట్టి, ఆరో అంకె దగ్గర ఆగాడు.